డింగ్ అన్నకి నచ్చని గ్వాంగ్‌జౌ

మా డింగ్ అన్నకి ఏదీ నచ్చదు. అలా ఇలా కాదు. అన్నం పెడితే కాలిపోతోందంటాడు, ఊది పెడితే చల్లారిపోయిందంటాడు. నేను పాఠాలు చెప్పిన బళ్ళోనే ఆయన గదులు వెచ్చబెట్టే బాయిలర్ చూసుకునేవాడు. పొద్దున్నే వచ్చి, ఇది బొగ్గా, నల్లరంగు పూసిన రాళ్ళా అని మొదలెట్టేవాడు. సాయంత్రానికి ఆ సణుగుడు సూర్యుడి దాకా వెళ్ళేది. సొంత పెళ్ళిలో ఫొటోగ్రాఫరు కాస్త నవ్వమంటే, కారణం చెప్పమన్నాడట. నేనక్కడ లేను గానీ, వినగానే నమ్మేశాను.

మా ఊరు చైనా ఉత్తరాన, హార్బిన్‌కి ఇంకా పైన. చలికాలంలో వాకిట్లో పెట్టిన పాలు పొద్దున్నకి ఇటుకైపోతాయి. రిటైరైనవాళ్ళమంతా జట్టు కట్టి, దక్షిణాన జనవరిలో కూడా పూలు పూసే గ్వాంగ్‌జౌ చూసొద్దామనుకున్నాం. జనవరిలో పూలెందుకూ, పనిలేక పూస్తాయా అన్నాడు డింగ్ అన్న. అని, అందరికంటే ముందు తనే పేరిచ్చాడు.

గ్వాంగ్‌జౌ స్టేషన్లో మా గైడు లియాంగ్ జెండా తలకిందులుగా పట్టుకుని నిలబడుంది. నలభై దాటిన మనిషి. ఇన్నాళ్ళూ బట్టల మిల్లులో చేసిందట, అది మూతపడింది. మేమే ఆమెకి మొదటి జట్టు. ఆఖరి రోజు టూరు కంపెనీ మేనేజరు వచ్చి మిమ్మల్ని అడుగుతాడు, మీరు బాగుందంటేనే నన్ను ఉంచుకుంటారు అని దాచుకోకుండా చెప్పేసింది. అలాంటివి చెప్పకూడదని కూడా తెలీదు పాపం. మా జట్టులో అందరం వదినా అని పిలిచే మెంగ్ నా చెవిలో "చూద్దాం" అంది. వదిన మా ఊరి ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి డాక్టర్లని గడగడలాడించింది. ఆ "చూద్దాం" విని బదిలీ పెట్టుకున్న డాక్టర్లు నాకు తెలుసు.

మొదటి రోజే చలి పట్టుకుంది. నవ్వకండి. మా ఊళ్ళో బయట గడ్డకట్టినా ఇంట్లో గోడకి వేడి గొట్టాలుంటాయి, వట్టి బనీన్లతో కూర్చుని ఐసుపుల్లలు చప్పరిస్తాం. ఇక్కడ హోటలు గదిలో ఆ గొట్టాలే లేవు. బయటెంత చలో లోపలా అంతే. పైగా గోడలకి చెమటలు. మంచుదేశం వాళ్ళం పూలదేశమొచ్చి గజగజ వణికిపోయాం. మందపాటి కోట్లు అక్కర్లేదని ముందే ఫోన్ చేసి చెప్పింది లియాంగే. మెంగ్ వదిన దుప్పటి కప్పుకుని, గొంతు సవరించుకుని ఆమె వైపు తిరిగింది. అంతలో డింగ్ అన్న, "చలి సంగతి తర్వాత. ఈ దుప్పటి మీద నెమలికి కాళ్ళేవి?" అన్నాడు.

చూస్తే నిజంగానే లేవు. మా దుప్పట్లన్నీ తిరగేసి వెతికాం. ఏ నెమలికీ కాళ్ళు లేవు. డింగ్ అన్న లియాంగ్‌ని పట్టుకుని, కాళ్ళులేని పిట్ట కింద నిద్రెలా పడుతుందని నిలదీశాడు. ఆమె బిక్కమొహం వేసింది. మేమంతా నువ్వు నిద్రపోతావా నెమలిని నడిపిస్తావా అని ఆయన్ని ఏడిపించాం. ఆ గోలలో చలి మాట మరిచిపోయాం.

మర్నాడు టిఫినుకి వెళ్తే, టీ కూజాతో పాటు ఒక బేసిన్ తెచ్చి పెట్టారు. మేం తలా ఓ కప్పు పోసుకుని తాగేశాం. పక్క బల్లల వాళ్ళు నోళ్ళకి చేతులడ్డం పెట్టుకుంటున్నారు. ఆఖరికి వాళ్ళలో ఒకాయన చెప్పాడు, అక్కడి పద్ధతేమిటంటే, మొదటి టీతో గిన్నెలూ కప్పులూ కడుక్కుని బేసిన్లో పారబోస్తారు. తాగేది రెండో టీ. ఆ సంగతి చెప్పాల్సిన లియాంగ్ మాలో షుగరున్నవాళ్ళకి ఏం పెడతారో కనుక్కోడానికి వంటగదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మెంగ్ వదిన మొహం ఎర్రగా కందిపోయుంది. ఆవిడ నోరు తెరిచేలోపే డింగ్ అన్న బల్ల చరిచాడు. గిన్నెలు కడగడానికి కూజాడు, తాగడానికి ఉగ్గుగిన్నెడా, ఇదెక్కడి న్యాయం అని. "చాల్లే, నలుగురూ చూస్తున్నారు, నోర్మూసుకుని తాగు" అని వదిన ఆయన మీద పడింది.

నాకు మాత్రం ఒకటే బెంగ. ఈయన ఇలాగే సణిగితే ఆఖరికి లియాంగ్ ఉద్యోగం ఈయన నోటివల్లే పోతుంది. పక్కకి పిలిచి, అన్నా, ఒక్క ఆఖరి రోజు దాకా ఓర్చుకో అన్నాను. ఏం చూసి ఓర్చుకోను టీచరమ్మా అన్నాడు.

మధ్యాహ్నం కోడికూరొచ్చింది. ఎముక దగ్గర ఇంకా ఎర్రగా ఉంది. అక్కడ అలాగే వండుతారు. మాకేమో పచ్చిమాంసం పెట్టినట్టుంది. పళ్ళెం అంచున కోడి తల కూడా పెట్టారు. వదిన చాప్‌స్టిక్స్ కింద పెట్టేసింది. డింగ్ అన్న పళ్ళేన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇంతమంది ఉండగా ఇది నావంకే చూస్తోందేం?" అన్నాడు. వదిన, వద్దు వద్దనుకుంటూనే నవ్వేసింది. నవ్వాక తినక తప్పుతుందా.

అసలు గండం పడవది. సాయంత్రం దీపాల వేళకి ముత్యాల నదిలో పడవ షికారు. మేం ఊళ్ళో బయల్దేరినప్పట్నించీ అందరం దానికోసమే ఎదురుచూస్తున్నాం. లియాంగ్ మమ్మల్ని ఒక రేవుకి తీసుకెళ్ళింది. మా పడవ ఇంకో రేవులో ఉంది. పరిగెత్తుకెళ్ళేసరికి అది దీపాలన్నీ వేసుకుని నది మధ్యలోకి వెళ్ళిపోయింది. లియాంగ్ జెండాని కర్రకి చుట్టేసింది. మెంగ్ వదిన కోటు బొత్తాలు కింద నుంచి పైదాకా పెట్టుకుంది. ఇక అయిపోయిందనుకున్నాను.

"పడవ పోతే పోయింది," అన్నాడు డింగ్ అన్న. "దీన్ని ముత్యాల నది అన్నారు. పొద్దున్నించీ చూస్తున్నా, ఒక్క ముత్యం లేదు. నాకు జవాబు కావాలి."

వదిన ఒక్కసారిగా పేలింది. "ఏం మనిషివయ్యా నువ్వు? ఆ అమ్మాయి పొద్దున్నించీ మన వెనకాల పరుగులు పెడుతోంది. దారి తప్పితే తప్పింది. నువ్వెప్పుడూ తప్పలేదా?"

లియాంగ్ ఎక్కణ్ణించో వేడివేడి సోయా పాయసం గిన్నెలు తెచ్చింది. అందరం గట్టు మీద వరసగా కూర్చుని, వచ్చే పోయే పడవల్ని చూస్తూ తిన్నాం. పడవలో ఉంటే పడవ కనపడదు కదా, ఇదే నయం అని వదిన తనే తీర్పు చెప్పేసింది. గట్టు గట్టిగా ఉందన్నాడు డింగ్ అన్న. ఎవరూ పట్టించుకోలేదు.

ఆఖరి రోజు స్టేషన్లో మేనేజరు వచ్చాడు. గైడెలా చేసింది, మొహమాటం లేకుండా చెప్పండి అన్నాడు. డింగ్ అన్న ఒక అడుగు ముందుకేశాడు. నేను ఆయన చెయ్యి పట్టుకోబోయాను. మెంగ్ వదిన ఆయన్ని మోచేత్తో నెట్టేసి ముందుకొచ్చింది.

"ఇతని మాట వినకండి. ఇలాంటి మనిషిని టూరంతా భరించింది. ఇంకెవర్ని తెచ్చినా భరిస్తుంది. ఇంతకంటే ఏం కావాలి మీకు?"

మేమంతా అవునవునన్నాం. డింగ్ అన్న మళ్ళీ నోరు తెరిస్తే అందరం కలిసి మూయించాం. మేనేజరు నవ్వి, సోమవారం ఇంకో జట్టొస్తోంది, తయారుగా ఉండమని లియాంగ్‌తో చెప్పి వెళ్ళిపోయాడు.

ఆమె అందరి చేతులూ పట్టుకుంది. చివరికి డింగ్ అన్న దగ్గరికొచ్చి, "బాబాయ్, అందర్నీ మెప్పించాను గానీ మిమ్మల్ని మాత్రం మెప్పించలేకపోయాను" అంది.

"అవును, లేకపోయావు," అన్నాడాయన, ఎంతో తృప్తిగా.

ఊరొచ్చిన వారానికి కూరగాయల బజారుకెళ్తే, క్యాబేజీల బండి దగ్గర డింగ్ అన్న గొంతు వినపడింది. చుట్టూ జనం. గ్వాంగ్‌జౌ వెళ్తే లియాంగ్‌నే అడగండి, అలాంటి గైడు మొత్తం చైనాలో ఉండదు, ఆ కోడికూర, ఆ టీ, అబ్బ, అంటున్నాడు. జనం కదిలాక దగ్గరికెళ్ళి, ఆ ముక్క అక్కడే చెప్పి ఉండొచ్చు కదన్నా అన్నాను.

ఆయన ఒక క్యాబేజీ తీసి, ఇటూ అటూ తిప్పి చూసి, నా సంచిలో వేశాడు.

"నేను బాగుందంటే మెంగ్ ఒప్పుకునేదా, టీచరమ్మా?"