ఆడుకోవడమా, ఆడడమా: అరాద్ నుంచి రిఫాకు మా శుక్రవారం

మా సహస్రకు పన్నెండేళ్లు. రెండేళ్లుగా ప్రతి శుక్రవారం పొద్దున అరాద్‌లో సాఫ్ట్‌బాల్ ఆడుతోంది. బహ్రెయిన్‌లో ఆడపిల్లలకు ఈ ఆట రెండు రకాలుగా దొరుకుతుంది. మొదటిది రిక్రియేషనల్, అందరూ పొట్టిగా రెక్ అంటారు. ఎవరు పేరిచ్చినా చేర్చుకుంటారు, వారానికి ఒక్క రోజు, ఇంటికి దగ్గరి గ్రౌండ్, అందరికీ బ్యాటింగ్. రెండోది ట్రావెల్ టీం. అందులోకి ఎంచి మరీ తీసుకుంటారు, వారానికి మూడు రోజులు వెళ్లాలి, అప్పుడప్పుడు సౌదీకో దుబాయికో పోయి ఆడి రావాలి. పోయిన నెల ట్రావెల్ టీం కోచ్ మా అమ్మాయి ఆట చూసి కబురు పెట్టింది. ఒక చోటు ఖాళీ ఉంది, శుక్రవారం సాయంత్రం రిఫాలో మ్యాచ్‌కు తీసుకురండి, ఆడించి చూస్తాను, చేరేదీ లేనిదీ ఆ రోజే చెప్పాలి అని. ఇందులో చేరితే రెక్‌లో ఆడకూడదన్నది వాళ్ల నియమం.

మాది నిజామాబాద్ జిల్లా, ఆర్మూర్ పక్క ఊరు. మా ఆయన గంగాధర్ ఇక్కడ బిల్డింగ్ సైటులో ఫోర్‌మన్. ట్రావెల్ అన్న మాట వినగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "గా ట్రావెల్సోళ్లది ఏసీ బస్సా, మామూలుదా?" బస్సుల కంపెనీ కాదని వివరించేసరికి నాకు పావుగంట పట్టింది. "అట్లనా? అయితే నువ్వే పోయి చూసి ఏదన్నది చెప్పు. నాకు బంతి ఎటు పోతదో గూడ తెల్వదు," అని ఆయన ఓవర్‌టైంకు వెళ్లిపోయాడు. నేను సీఫ్‌లో ఒక బట్టల దుకాణంలో సూపర్‌వైజర్ని. శుక్ర, శనివారాల్లో మధ్యాహ్నం నుంచే మాకు అసలు బేరం, పొద్దున అరాద్‌లో ఆట చూసుకుని డ్యూటీకి పోతాను గానీ ఆ రోజుల్లో సెలవు దొరకడం గగనం. తోటి అమ్మాయితో డ్యూటీ మార్చుకుని ఈ ఒక్క శుక్రవారం సంపాదించాను. బడిలో రెండేళ్లు సాఫ్ట్‌బాల్ ఆడినదాన్ని కాబట్టి నా అభిప్రాయం నాకు ముందే ఉంది. దాచుకోవడం నాకు చేతకాదు, చెప్పేస్తున్నాను. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు నేను పూర్తిగా ట్రావెల్ వైపు.

మేముండేది హూరాలో. శుక్రవారం పొద్దున్నే ఆ వీధుల్లో హోటళ్ల ముందు కడిగిన నీళ్లు తప్ప మనుషులు కనబడరు. ఏడుంపావుకు ముహర్రక్ వైపు వెళ్లే బస్సెక్కాం. తలకు మూడు వందల ఫిల్సు, వెయ్యి ఫిల్సులైతే ఒక దీనారు. ట్యాక్సీ అయితే సుమారు మూడు దీనార్లు అవుతుంది, పది పన్నెండు నిమిషాల్లో దింపుతాడు. బస్సుకు అరగంట, దిగాక ఇంకో పది నిమిషాల నడక. కిట్టు సంచి బరువుంటుంది, భుజానికి తగిలించుకునే రకం కొనండి, చక్రాల సంచి అరాద్ సందుల్లో గులకరాళ్ల మీద మొరాయిస్తుంది. విమానాశ్రయం పక్కనే కాబట్టి గ్రౌండులో మాట్లాడుతుంటే మధ్యలో విమానం దిగుతుంది, మాట అక్కడే ఆపి అది పోయాక అందుకోవాలి. రెక్ సీజన్ మొత్తానికి మేం కట్టేది ముప్పై దీనార్లు, జెర్సీ అందులోనే.

ఎనిమిదిన్నరకు ఆట మొదలైంది. సహస్ర స్నేహితురాలు దుర్గ కూడా ఇదే టీం. వాళ్లది కోనసీమ, నాన్న క్రేన్ ఆపరేటర్, అమ్మ వెంకటలక్ష్మి ఇంట్లోనే వంట చేసి బ్యాచిలర్లకు క్యారేజీలు పంపిస్తుంది. చివరి ఇన్నింగ్స్‌లో మేం ఒక్క రన్ను వెనకబడి ఉన్నాం. దుర్గ చివరి మజిలీ అయిన మూడో బేస్ మీద ఉంది, సహస్ర బ్యాటు పట్టుకుంది. బంతి కొట్టగానే అది ఎవరికీ అందకుండా ఖాళీలో పడింది. దుర్గ బ్యాటు పట్టే చోటికి, అంటే హోమ్ దాకా, పరిగెడితే చాలు, లెక్క సమం. నేను కంచె పట్టుకుని గొంతు చించుకున్నాను, ఉరుకు, ఉరుకు అని. ఆ పిల్ల నా వైపు ఒకసారి చూసి, బేస్ మీద కాలు ఇంకా గట్టిగా ఆనించి నిలబడిపోయింది. తర్వాత వచ్చిన అమ్మాయి అవుటైంది, మ్యాచ్ పోయింది.

"ఎందుకు ఉరకలేదు బిడ్డా?" అని అడిగాను.

"ఆంటీ, మీరే కదండీ ఊరుకో ఊరుకో అని అరిచారు. అందుకే ఊరుకున్నాను," అంది దుర్గ, నీళ్లు తాగుతూ.

మాకు ఉరుకు అంటే పరిగెత్తు. ఆ పిల్ల చెవికి నా అరుపు ఊరుకో, అంటే కదలకుండా ఉండు అన్నట్టు వినబడింది. ఆత్రంలో నేను సాగదీసి ఉంటాను, పైన విమానం కూడా ఉంది. వెంకటలక్ష్మి పైటచెంగు అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "ఈసారి పరిగెత్తమనండి వదినగారూ, మా పిల్లకి తెలుగొచ్చు," అంది. టీం మొత్తానికి ఆ కథ అర్థం చేయించి వాళ్లనూ నవ్వించారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నా మూలంగా మ్యాచ్ పోయింది, ఒక్కరికీ చీమ కుట్టినట్టైనా లేదు. ఇదేం ఆట, ఇందుకే ట్రావెల్ టీం కావాలి అని మనసులో గట్టిగా అనుకున్నాను.

గ్రౌండు గోడ నీడలో చాప వేసుకుని వెంకటలక్ష్మి తెచ్చిన చింతపండు పులిహోర, పెరుగన్నం, మాగాయ తిన్నాం. దుర్గ రెండోసారి పెట్టించుకుంది. సహస్ర కాస్త దూరంగా కూర్చుని, తలకు పెట్టుకున్న హెల్మెట్ కూడా తీయకుండా, నేల మీద వేలితో ఏవో గీతలు గీస్తోంది.

"చూశారా వదినగారూ," అంది వెంకటలక్ష్మి గొంతు తగ్గించి. "మా దుర్గ ఇక్కడికి ఆడుకోడానికొస్తుంది. ఓడిపోయినా దానికి పులిహోర రుచి తగ్గదు. మీ అమ్మాయి ఆడుకోడానికి రాదండీ, ఆడ్డానికొస్తుంది. అది చూస్తేనే తెలుస్తుంది కదా."

"చేరితే మరి దుర్గ బాధ పడదా వదినా?"

"పడుతుంది. రెండ్రోజులు ఏడుస్తుంది, మూడో రోజు ఇంకో పిల్లని వెతుక్కుంటుంది. దానికోసం మీరు ఆపకండి."

రెక్‌కూ ట్రావెల్‌కూ తేడా ఏమిటని ఎందరినో అడిగాను, ఎందరో పెద్ద పెద్ద కాగితాలు చూపించారు. ఇంత చిన్న మాటలో ఎవరూ చెప్పలేదు. ఆడుకోవడం, ఆడడం. మధ్యలో తేడా ఒకటి రెండు అక్షరాలే.

రిఫా వెళ్లాలంటే మళ్లీ మనామా బస్ స్టేషన్‌కు వచ్చి బస్సు మారాలి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ రోడ్లన్నీ ఆగి ఆగి కదులుతాయి, ఆ గంట వదిలేసి బయల్దేరితే మంచిది. మేం ఒకటిన్నరకు ఎక్కాం, రిఫాలో దిగేసరికి రెండు ముప్పావు. బస్ స్టాపు దగ్గర వంద ఫిల్సుకు చిక్కటి కరక్ చాయ్ దొరికింది. అక్కడి నుంచి గ్రౌండుకు బస్సు లేదు, ట్యాక్సీకి రెండు దీనార్లు. డ్రైవరు పెషావర్ మనిషి, తెల్లగడ్డం. సహస్ర బ్యాటు చూసి, "క్రికెట్ హై క్యా?" అన్నాడు. సాఫ్ట్‌బాల్ అంటే ఆయనకు అర్థం కాలేదు, పాప కొడుతుంది, పరిగెడుతుంది భాయ్ అని సైగలతో చెప్పాను. "కొడుతుంది, పరిగెడుతుంది, అయితే అదీ క్రికెట్టే," అని తేల్చేసి, దింపేటప్పుడు పాపకు ఒక ఖర్జూరం చేతిలో పెట్టాడు.

ఇక్కడి గ్రౌండు వేరు. గడ్డి కత్తిరించి ఉంది, గీతలు తెల్లగా ఉన్నాయి, పిల్లలు వరుసలో పరిగెడుతున్నారు, ఎవరి సంచి వాళ్ల కొక్కేనికే వేలాడుతోంది. కోచ్ ఫిలిప్పీన్స్ ఆవిడ, పొట్టిగా, పెద్ద టోపీతో ఉంటుంది. నేను కంచె దగ్గరికి వెళ్లి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నానో లేదో, వెనక్కి తిరిగింది. "సిస్టర్, ఇక్కడ షౌటింగ్ ఖలాస్. పిల్లలు వినాల్సింది నా మాటే." తల్లిదండ్రులంతా బల్లల మీద బుద్ధిగా కూర్చుని ఉన్నారు. నేనూ కూర్చున్నాను. నా జీవితంలో అంతసేపు నోరు కట్టుకుని కూర్చున్నది మా ఆడపడుచు పెళ్లిచూపుల్లోనే.

మూడో ఇన్నింగ్స్‌లో సహస్రను బ్యాటు పట్టినవాళ్ల వెనక కూర్చుని బంతి అందుకునే క్యాచర్‌గా దింపారు. అవతలి టీం పిల్ల ఒకటి మొదటి బేస్ నుంచి, ఎవరూ బంతి కొట్టకుండానే, రెండో బేస్‌ను దొంగిలించాలని దూసుకుపోయింది. సహస్ర బంతి అందుకుని, లేచి, విసిరింది. ఆ పిల్ల చేరకముందే బంతి నేరుగా వెళ్లి రెండో బేస్ దగ్గరున్న మా టీం పిల్ల గ్లవ్‌లో పడింది. అవుట్. ఎవరూ అరవలేదు, పిల్లలే ఒకళ్ల భుజం ఒకళ్లు తట్టుకున్నారు. నేను మంచినీళ్ల సీసాను ఎంత గట్టిగా నొక్కానంటే మూత ఎగిరి పక్కావిడ ఒళ్లో పడింది. అరాద్‌లో ప్రతి బంతికీ నేను అరుస్తాను. నా అరుపు లేకపోతే ఈ పిల్ల ఆడదని ఇన్నాళ్లూ ఎందుకనుకున్నానో నాకే తెలియదు.

రెండు ఇన్నింగ్స్ అయ్యాక కోచ్ ఆమెను తీసేసింది. మిగతా ఆటంతా బెంచీయే. అంత బాగా విసిరిన పిల్లను కూర్చోబెడతారా? ఆట ముగిశాక వెళ్లి అదే అడిగాను.

"అందుకే కూర్చోబెట్టాను సిస్టర్," అంది కోచ్. "ఆడేటప్పుడు అందరూ బాగానే ఉంటారు. ఆడనప్పుడు ఎలా ఉంటుందో చూడాలి. సగం సీజన్ దాకా కొత్తవాళ్లకు బెంచీ తప్పదు."

నేను కోపంతో కోచ్‌నే చూస్తూ పిల్లను చూడలేదు. పక్కావిడ చెప్పింది, మీ అమ్మాయి తన బదులు దిగిన పెద్ద క్యాచర్ కాళ్లు ఎక్కడ పెడుతుందో చూసి, బెంచీ కింద తన కాళ్లు అలాగే పెట్టి చూసుకుంటోంది అని.

కోచ్ వివరాలన్నీ చెప్పింది. నెలకు ముప్పై దీనార్లు, ప్రయాణాలకు వేరే. ఆరు వారాల్లో మొదటి ప్రయాణం, సముద్రం మీది వంతెన దాటి బస్సులో సౌదీలోని దమ్మామ్, శుక్ర, శనివారాలు. టీంతో ఇద్దరు ఆడవాళ్లు వెళ్తారు, తల్లిదండ్రులు రావాలంటే సొంతంగా రావాలి. శుక్ర, శనివారాలు అనగానే నాకు దుకాణం గుర్తొచ్చింది. ఆ రోజుల్లో నాకు సెలవు రాదు. గంగాధర్‌కు ఓవర్‌టైం. అంటే ఈ పిల్ల ఆడే ఏ ప్రయాణంలోనూ నేనుండను. పొద్దున్నుంచి ట్రావెల్ ట్రావెల్ అని ఎగిరినదాన్ని, ఒక్క క్షణంలో అరాద్ వైపు మొగ్గాను. అరగంట దూరం, తెలిసిన గోడ నీడ, వెంకటలక్ష్మి పులిహోర, నా అరుపులు. పిల్లను పక్కకు పిలిచాను.

"నాకు సెలవు దొరకది బిడ్డా. ఒక్కదానివే పోతవా?"

"ఒక్కదాన్నేంది అమ్మా? పద్నాలుగు మందిమి పోతం."

"పోయినంక గూడ బెంచి మీదనే కూసోవెడితే?"

"కూసుంట. అరాద్‌ల నాకు వచ్చినయే చేస్తున్న. ఈడ ఇయ్యాల్ల రెండు రానివి చూసిన."

"మరి దుర్గ?"

సహస్ర తల దించుకుంది. "దుర్గకు నేనే చెప్త. ఏడుస్తది. నేను గూడ ఏడుస్తనేమో. అయినా ఈడనే ఆడుత."

కోచ్ ఫారం ఇచ్చింది. పేరు, పాస్‌పోర్టు నంబరు, అలర్జీలు అన్నీ నింపుకుంటూ వచ్చి ఒక గడి దగ్గర పెన్ను ఆగింది. తోడు వచ్చే పెద్దవారి పేరు రాయమని అడుగుతోంది. నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు జిల్లా టీంకు ఎంపికయ్యాను. మహారాష్ట్రకు పోయి ఆడాలి. పీఈటీ సార్ సైకిల్ మీద మా ఇంటికొచ్చి చెప్పాడు. మా బాపు, అంటే నాన్న, సంతోషపడ్డాడు కూడా. తర్వాత అడిగాడు, "తోడెవరు పోతరు సారూ?" అని. పసుపు ఉడకబెట్టే రోజులు, బాపు కదలడానికి లేదు. అమ్మకు బీడీల పని, ఒక్క రోజు మానితే కార్ఖానాలో మాట పడాలి. బాపు వద్దనలేదు. తోడు పోయే మనిషి ఇంట్లో లేకపోయాడు, అంతే. ఇంట్లో ఎవరూ నోరు తెరవక ముందే, నేను పోను సార్ అని నేనే చెప్పాను. మంచి పిల్ల అని అందరూ మెచ్చుకున్నారు. ఇన్నేళ్లూ అది నేను చేసిన మంచి పనే అనుకున్నాను. ఆ గడి చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

గడిలో ఎవరూ లేరని ఇంగ్లీషులో రాసి, కింద సంతకం పెట్టాను. కోచ్ చదివి ఫైల్లో పెట్టుకుంది. "యల్లా, ఇక పద, సోమవారం ఆరింటికి," అంది సహస్రతో. గంగాధర్‌కు ఫోన్ చేసి చేరిందని చెప్పాను. తోడెవరని ఆయన కూడా అడిగాడు. ఎవరూ లేరన్నాను. "మంచిది, పాస్‌పోర్టు డేటు చూస్కోండ్రి," అన్నాడు. ఐదున్నర బస్సుకు బయల్దేరి ఏడింటికల్లా హూరా చేరాం.

ట్రావెల్ గొప్పదీ రెక్ తక్కువదీ అని నేను చెప్పను. దుర్గ నా కూతురై ఉంటే ఆమెను అరాద్‌లోనే ఉంచేదాన్ని, ఆ పిల్లకు అక్కడ శుక్రవారం నిండుగా గడుస్తుంది. రెండు గ్రౌండ్లూ ఒకే రోజు చూడండి, ఆట కన్నా ఎక్కువగా మీ అమ్మాయి ఆడని పావుగంటను చూడండి. నాకైతే ఆ రోజు ఎంచుకునే పని పెద్దగా మిగల్లేదు, పిల్ల ముందే ఎంచుకుంది. నేను చేయాల్సింది అడ్డం నిలబడకపోవడం. అది నాకు అరవకుండా కూర్చోవడం కంటే కష్టమైంది, అయినా చేశాను, చేసినందుకు సంతోషంగా ఉంది.

పనికొచ్చే మాట ఒక్కటి. ఆ ఫారంలో తోడు వచ్చేవారి గడి ఖాళీగా వదిలేస్తే కాగితం వెనక్కి పంపుతారు, గడువు దాటిపోతుంది. మీకు సెలవు దొరకకపోతే అందులో ఎవరూ లేరని రాయండి. అలా రాసినా పిల్లను తీసుకెళ్తారు.