నాలుగు రొట్టెల క్యారియర్

నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. కిరాణా కొట్లో చాయ్ పత్తా పొట్లం కొన్నా చేతిలో రెండుసార్లు తూచి చూస్తాను. "నువ్వు పోలీసుల చేరాల్సినదానివి" అనేవాడు మా నాయన. మెచ్చుకోలుగా అంటున్నాడనుకుని ఆ గుణాన్ని బాగానే పెంచుకున్నాను.

జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు బస్టాండుకు దగ్గర్లో ఒక గది కిరాయికి తీసుకున్నాం, నేనూ నా క్లాసుమేటూ. మాది కోరుట్ల అవతల ఒక పల్లె. ఒకప్పుడు ఊరి మీద పెత్తనం చేసిన ఇల్లు, ఇప్పుడు పసుపు చేనూ ఒక ట్రాక్టరూ. ఆమెది వీర్నపల్లి. తండ్రి సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, చీరలు నేసేవాడు, తల్లి కూలికి పోయేది. ఆమెకు హాస్టల్లో సీటు దొరకలేదు. ఇంటి నుంచి రోజూ వచ్చిపోవాలంటే సగం రోజు బస్సుల్లోనే గడిచిపోతుంది. ఆ గది ఉంటేనే ఆమెకు చదువు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

మా దిక్కు ఊళ్ళ నుంచి వచ్చి చదువుకునేవాళ్ళకు తిండి కూడా బస్సులోనే వస్తుంది. పొద్దున్నే తల్లులు క్యారియర్ నింపి, గుడ్డలో మూటగట్టి, గుర్తుకు పాత చీర పేలిక ముడేసి, మొదటి బస్సు డ్రైవర్ పక్కన పెడతారు. జగిత్యాలలో బస్సు ఆగగానే పిల్లలంతా మూగి ఎవరి పేలిక వాళ్ళు చూసుకుని తీసుకుపోతారు. సాయంత్రం ఖాళీ గిన్నె అదే బస్సెక్కి ఊరికి పోతుంది. ఒకరి గిన్నె ఇంకొకరు విప్పరు. విప్పినట్టు తెలిస్తే ఇక వాళ్ళతో ఎవరూ మాట్లాడరు.

మా ఇద్దరికీ ఒకటే క్యారియర్. అందులో నాలుగు జొన్న రొట్టెలు, కూర. గదిలో అన్నం ఆమె వండేది. "నాతోని ఉండే పిల్లకు గూడ పెట్టమ్మా" అని మొదట్లోనే చెబితే అమ్మ సంతోషంగా ఒప్పుకుంది. పొద్దున నా బ్యాచ్‌కు ల్యాబ్ ఉండేది కాబట్టి బస్టాండుకు ఆమే పోయి క్యారియర్ తెచ్చేది. ఏడాదిన్నర అట్లాగే సాగింది.

ఒకసారి అమ్మ గది చూడడానికి వచ్చింది. ఆమె చాయ్ పెట్టి ఇచ్చింది. అమ్మ గ్లాసు పక్కన పెట్టుకుని అడగడం మొదలుపెట్టింది.

"ఏ ఊరు బిడ్డ మీది? మీ ఇంటిపేరేంది? పండుగలకు ఏ దేవునికి మొక్కుతరు?"

ఆమె దాచకుండా అన్నీ చెప్పింది. అలమారలో ఉన్న చిన్న సిలువ కూడా చూపించింది. అమ్మ నవ్వి, "మంచిగ చదువుకో బిడ్డ" అంది. చాయ్ మాత్రం ముట్టలేదు. ఎండలో పడి వచ్చింది కదా, తాగబుద్ధి కాలేదేమో అనుకున్నాను. అన్నిటినీ అనుమానించే నాకు అదొక్కటీ తట్టలేదు.

ఆ తర్వాతి వారం క్యారియర్లో రెండే రొట్టెలు. మర్నాడు కూడా రెండే. కూర గిన్నె కూడా సగానికే ఉంది. అమ్మకు ఫోన్ చేశాను.

"ఎన్ని రొట్టెలు పెడుతున్నవమ్మా?"

"రోజు పెట్టినట్టే పెడుతున్న. ఎందుకు?"

ఇంకేముంది, బస్టాండు నుంచి గదికి వచ్చే దారిలోనే రెండు రొట్టెలు మాయమవుతున్నాయన్నమాట. తెచ్చేది ఒక్కతే. పైగా తినడానికి కూర్చున్నప్పుడల్లా ఆమె, "నాకు ఆకలైతలేదు, నువ్వు తినే" అనడం మొదలుపెట్టింది. అన్నంలో ఇంత పచ్చిపులుసు పోసుకుని లేచిపోయేది. ముందే తిని వచ్చినవాళ్ళకు ఆకలెందుకవుతుంది? ఆమె వంచిన తల చూసి, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే అనుకున్నాను. కోపం కోపంగా రెండు రొట్టెలూ నేనే తినేదాన్ని.

నెల రోజులయ్యాక ఒక పొద్దున ల్యాబ్ ఎగ్గొట్టి, బస్టాండులో పుస్తకాల దుకాణం పక్కన నిలబడ్డాను. బస్సు వచ్చింది. ఆమె క్యారియర్ తీసుకుంది. బెంచీ మీద పెట్టి అటూ ఇటూ చూసి, పేలిక ముడి విప్పి, మూత తీసి లోపలికి చూసింది. మళ్ళీ ముడేసింది. ఈలోగా ఇంకో బస్సు అడ్డం రావడంతో మిగతాది కనబడలేదు. మిగతాది నేనే పూరించుకున్నాను.

గదికి రాగానే అడిగాను. "గిన్నె విప్పంగ నా కండ్లతోని చూసిన. తింటే తిన్ననని చెప్పు."

"నేను తినలె."

"మరి ముడెందుకు విప్పినవ్?"

ఆమె క్యారియర్ నా ముందుకు జరిపి అన్నం వండడానికి లేచింది. దానికి నాకు ఇంకా మండింది. మర్నాడు బస్టాండులో కలిసిన అమ్మాయిలందరికీ సంగతి చెప్పేశాను. ఆమె వస్తుంటే వాళ్ళు తమ గిన్నెలు దగ్గరికి లాక్కోవడం నేను చూశాను, బాగైంది అనుకున్నాను. అది చూసిన రోజే ఆమె బట్టలు సర్దుకుని సిరిసిల్ల బస్సెక్కింది.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి, ఆమె గది వదిలి పోయిందని చెప్పాను.

"పోయిందా? మంచిగైంది" అంది అమ్మ.

తెల్లారి క్యారియర్ నేనే తెచ్చుకున్నాను. నాలుగు రొట్టెలు. కూర గిన్నె నిండుగా ఉంది. దొంగ పోయింది, గిన్నె నిండింది అని అందరికీ మూత తీసి చూపించాను. ఆ రోజంతా గెలిచినట్టే తిరిగాను.

కానీ నా అనుమానం ఇంటివాళ్ళను కూడా వదిలే రకం కాదు. ఆమె ఎందుకు పోయిందని అమ్మ ఒక్క మాటైనా అడగలేదేం? ఆ శనివారం ఇంటికి పోయాను. అమ్మ పొయ్యి దగ్గర రొట్టెలు కొడుతోంది.

"ఆ నెలంత ఎన్ని రొట్టెలు పెట్టినవమ్మా? నిజం చెప్పు."

అమ్మ చెయ్యి ఆపలేదు. "రెండే పెట్టిన. గా పిల్లకు మన గిన్నెల బువ్వేంది? వద్దంటే నువ్వు వింటవా? ఎక్కువుంటే పంచుతవ్, తక్కువుంటే పంచవ్. నిన్ను కన్నదాన్ని, నాకెర్క లేదా?"

దొడ్లోకి పోయి ఆమెకు ఫోన్ చేశాను. మూడోసారి ఎత్తింది. మా అమ్మ చేసిన పని చెప్పి, తప్పైంది, తిరిగి రమ్మన్నాను.

"నాకు ఎప్పుడో ఎర్కే" అంది. "మీ అమ్మ చాయ్ తాగకుంట లేచిన్నాడే ఎర్కైంది. చెప్తే ఇంట్ల లొల్లి పెట్టుకుంటవని చెప్పలె."

"మరి ముడెందుకు విప్పినవే?"

"ఇయ్యాలన్న నాలుగు పెట్టిందేమోనని రోజు చూస్తుంటి."

అవతల కుట్టుమిషన్ల చప్పుడు వినబడుతోంది. సిరిసిల్లలో బట్టలు కుట్టే పనిలో చేరిందట. మళ్ళీ చదువుతావా అని అడిగితే, పని ఉందని ఫోన్ పెట్టేసింది. మా క్లాసులోకి ఆమె మళ్ళీ రాలేదు.

అమ్మతో చాలా రోజులు మాట్లాడలేదు. తక్కువుంటే నేను పంచనని ఎట్లా అనగలిగింది అని రగిలిపోయాను. ఆ నెల రోజులనూ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నాను, ఆ రెండు రొట్టెల్లో ఒకటైనా ఆమె కంచంలో వేశానేమోనని. వేయలేదు.