మా నాన్న పంపని మెయిల్, సలీం మావయ్య చెప్పిన సంజాయిషీ

నిన్న పొద్దున బందరు నుంచి అక్క ఫోన్.

"సలీం మావయ్య పోయారే."

"ఏ సలీం?" అన్నాను, తెలిసి కూడా.

బందరులో ఆయన ఇంటర్నెట్ సెంటర్ నడిపేవారు. మెయిల్ పంపడం రానివాళ్ల తరఫున ఆయనే టైప్ చేసి పంపేవారు. అందుకే ఆ కౌంటర్ కంప్యూటర్‌లో ఊళ్లో సగం మంది అడ్రసులు ఉండేవి.

నేను డిగ్రీ చదివే రోజులు. ఒక శుక్రవారం నన్ను కాసేపు షాపు చూస్తుండమని చెప్పి నమాజుకి వెళ్లారు. అంతలో ఒక మెయిల్. "డార్లింగ్, నిన్ను మర్చిపోలేను. ఫోటో చూడు" అని ఇంగ్లీషులో.

ఆగగలనా? క్లిక్ చేశాను.

ఫోటో లేదు. ఏమీ లేదు.

అది వార్మ్ అనే వైరస్. పాతదానికే కొత్త రకం, అందుకే యాంటీవైరస్ పట్టుకోలేదు. కంప్యూటర్‌లో ఉన్న అడ్రసులన్నీ ఏరుకుని, అందరికీ తనని తానే పంపుకోవడం మొదలుపెట్టింది. పంపినవాళ్ల పేరు ఉండే చోట కూడా ఆ అడ్రసుల్లోంచే ఎవరో ఒకరి పేరు తీసి పెట్టింది.

మావయ్య వచ్చి, మోడెం లైట్లు ఆగకుండా మిణుకుమనడం చూసి వైరు పీకేశారు. అప్పటికే ఆలస్యమైంది. గుడివాడ నుంచి మా చర్చికి వచ్చే ఒక టీచరమ్మకి మా నాన్న పేరుతో "డార్లింగ్" వెళ్లిపోయింది.

మా నాన్న పాస్టర్!

రెండు రోజుల్లో చర్చి అంతా గుసగుసలు. అమ్మ నాన్నతో మాట్లాడటం మానేసింది.

ఆదివారం ఆరాధన అవగానే మావయ్య టోపీతోనే వచ్చి అందరి ముందూ నిలబడ్డారు.

"అయ్యగారు ఆ మెయిల్ పంపలేదండీ. కవరు మీద ఫ్రమ్ అడ్రస్ ఎవరిదైనా రాసేయొచ్చు కదా? ఇదీ అంతే. వైరస్ నా షాపు కంప్యూటర్‌లోంచి వెళ్లింది. తప్పు నాదండీ."

వెనక నుంచి ఒక పెద్దాయన లేచారు. "మరి నాకు రాలేదేంటయ్యా?"

"మీకు ఈమెయిల్ లేదు కదండీ!"

చర్చి మొత్తం నవ్వింది. అమ్మ కూడా.

బయటికొచ్చాక అడిగాను, నా పేరు ఎందుకు చెప్పలేదని.

"చెబితే నువ్వు మళ్లీ కంప్యూటర్ ముట్టుకుంటావా అమ్మా?"

ఇవాళ నేను గుడివాడ కాలేజీలో కంప్యూటర్స్ చెబుతున్నాను.

ఇన్నేళ్లయినా ఆయన ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నాన్నా, ఇది చదువుతుంటే... అది తెరిచింది నేనే. సారీ.

వెళ్లిరండి మావయ్యా. ఆ అల్లా మీకు చల్లని చోటివ్వాలి.