ఎంకన్న వేయించిన అక్షరాల పటం

మన కూలీలు ఓడలెక్కి వెళ్లిన చెరకు దీవిలో, పోర్ట్ లూయీ రేవు దగ్గర ఒక రాతి అచ్చు ప్రెస్సు ఉండేది. అందులో బొమ్మలు గీసేవాడు ఎంకన్న. రమ్ము సీసాల లేబులైనా, ఓడల ప్రకటనైనా ముందు ఆయన చేత్తో నున్నటి రాతి పలక మీదికి ఎక్కాల్సిందే. కాగితం మీద సరిగ్గా పడాలంటే రాతి మీద అంతా తిరగేసి గీయాలి. చెరకు కూలీల ఇంట పుట్టిన ఎంకన్నకు ఆ విద్య బాగా పట్టుబడింది. దాన్ని నలుగురికీ చెప్పాలన్న తహతహ అంతకంటే ఎక్కువ.

పంతొమ్మిది వందల ఇరవై దాటిన కొత్తలో ప్రెస్సు యజమాని దొరను ఒప్పించి, ఆదివారాలు ప్రెస్సులోనే పాఠం మొదలుపెట్టాడు. చివరిదాకా నిలబడింది ముగ్గురు. మార్సెల్‌ది మహేబోర్గ్ ఊరు, జాలరి కొడుకు, రంగులు కలపడంలో మొనగాడు. జోసెలిన్ కుట్టుపని చేసే ఇంటి పిల్ల, చెయ్యి వణక్కుండా వెంట్రుకంత గీత గీసేది. పెద్దన్న అనే కుర్రాడు రివియేర్ దు రాంపార్ ఊరి నుంచి రైల్లో వచ్చేవాడు. యంత్రం నడపడం తెలుసు, తడుముకుంటూ తెలుగు కూడా చదవగలడు.

వాళ్లకు పని బాగానే వచ్చేసింది. అయినా ఆకులూ పళ్లూ గీయడం, వారం తిరక్కుండా రాయి అరగదీసి చెరిపేయడం, ఇదే వరస. చెరిపేస్తారని తెలిసిన బొమ్మ మీద ఎవరూ ప్రాణం పెట్టరని ఎంకన్నకు అర్థమైంది.

సరిగ్గా అప్పుడే లాల్మతీ నుంచి ఈశ్వరమ్మ వచ్చింది. ఊళ్లో భజనలు పాడించేదీ, సాయంత్రాలు పిల్లలకు తెలుగు చెప్పేదీ ఆవిడే. మద్రాసు నుంచి వచ్చే వాచకాలు చేతులు మారేసరికి చిరిగిపోతున్నాయట. గోడకు తగిలించే పెద్ద అక్షరాల పటం కావాలంది. ఎంకన్న ఒప్పుకున్నాడు. కానీ తాను గీయలేదు. ఆదివారం ఆ పని తెచ్చి ముగ్గురి ముందూ పెట్టాడు.

"ఇది పాఠం కాదు, ఊళ్లోకి వెళ్లే సరుకు. మీ ముగ్గురి పేర్లూ అడుగున ఉంటాయి," అన్నాడు అక్కడి వాడుక భాష క్రియోల్‌లో.

ఆ మాటతో ప్రెస్సు సంతలా మారిపోయింది. మద్రాసు వాచకంలోని బొమ్మలు ఇక్కడి పిల్లలు చూసి ఎరుగరు కనుక కొత్తవి వేద్దామన్నాడు పెద్దన్న. 'చ'కు చెరకు, 'త'కు తాబేలు. 'ఓ'కు ఓడ అనగానే మార్సెల్ పొగ ఓడ గీయబోతే, మా అవ్వ దిగింది తెరచాప ఓడలోనని పెద్దన్న పట్టుబట్టి గెలిచాడు. 'ప'కు పడవ మాత్రం మార్సెల్ ఎవరికీ వదల్లేదు. తన తండ్రి పడవకున్న నీలమే దానికీ వేస్తానన్నాడు. పక్కనే 'వ'కు వల.

అక్షరాలు జోసెలిన్‌వి. తెలుగు ముక్క రాని పిల్ల ఒక్కో గుండ్రటి గీతనూ తిరగేసి గీసి, అద్దంలో చూసి సరిచూసుకునేది. తిరగబడిన అక్షరాలన్నీ గుర్తుపట్టడం వచ్చింది గానీ, సూటిగా రాస్తే తికమకపడేది. మిగతా ఇద్దరూ పడీపడీ నవ్వేవారు, ఆమె కూడా నవ్వేది.

నమూనా కాగితం రాయి మీంచి లేచిన పూట ముగ్గురికీ కాళ్లు నేల మీద నిలవలేదు. ఎంకన్నతో కలిసి రైలెక్కి, ఆ పైన ఎడ్లబండిలో లాల్మతీ చేరారు. ఈశ్వరమ్మ పటం తగిలించగానే పిల్లలు గొంతెత్తి చదివారు. ఆవిడ మాత్రం బొమ్మల మీద చెయ్యి అడ్డుపెట్టి మళ్లీ అడిగింది. ఈసారి పిల్లలు తడబడ్డారు.

"బొమ్మ సూపిత్తే పడవంటన్నారు. మూసేత్తే వడవంటన్నారు," అంది ఈశ్వరమ్మ ఎంకన్నతో. "తప్పు పిల్లల్ది గాదు, తమ్ముడూ."

పెద్దన్న ఆ మాట క్రియోల్‌లో చెప్పగానే జోసెలిన్ లేచింది. పటం దించి వెలుతురులోకి తీసుకెళ్లింది. 'ప' మీద తలకట్టు విడిగా నిలవాలి. ఆమె గీసినప్పుడు సన్నటి సందు ఉంది. అచ్చులో సిరా పాకి ఆ సందును పూడ్చేసింది. 'ప' కాస్తా 'వ' అయి కూర్చుంది. 'స', 'హ'ల తలకట్లూ అంతే.

ఎంకన్న తానూ దాన్ని కనిపెట్టలేదని ఒప్పుకున్నాడు. ఫ్రెంచి అక్షరాలకు ఆ బెడద లేదు, తెలుగు రాతికెక్కించడం ఆయనకూ ఇదే మొదలు. తిరుగు రైల్లో, ఆ కాసిన్ని అక్షరాలూ మీరే దిద్దెయ్యండి మావా అని పెద్దన్న బతిమాలాడు.

"నాను దిద్దితే అది నా పటం అయిపోద్దిరా," అన్నాడు ఎంకన్న. "మీరే సూడండి."

జోసెలిన్ కిటికీ అద్దం మీద ఆవిరి ఊది, వేలితో 'ప' గీసి, తలకట్టును ఇంకా పైకి జరిపింది. సిరా కొంచెం చిక్కగా కలిపితే పాకదన్నాడు మార్సెల్. యంత్రం ఒత్తిడి తాను తగ్గిస్తానన్నాడు పెద్దన్న. పోర్ట్ లూయీ వచ్చేసరికి ముగ్గురూ ఒకరి మాట ఒకరు పూర్తి కానివ్వడం లేదు. ఎంకన్న వింటూ కూర్చున్నాడు. లోపల మాత్రం ఆయన గుండె రైలు కంటే ముందు పరుగెడుతోంది.

అక్షరాలకు వేరుగా పెట్టిన రాయి మొత్తం అరగదీసి మళ్లీ గీశారు. రెండో నమూనాను చదివింది జోసెలినే. అద్దం లేకుండా, సూటి అక్షరాల్లో, "ప... పడవ" అంది. పెద్దన్న యంత్రం వదిలేసి చప్పట్లు కొట్టాడు. పటాలు వరసగా లేస్తుంటే దొర కూడా వచ్చి నిలబడ్డాడు. నేర్చుకునేవాళ్ల పేర్లు వేయడం ప్రెస్సుకు అలవాటు లేకపోయినా, ఎంకన్న మాట తీసేయలేక అడుగున మూడు పేర్లూ ఉంచనిచ్చాడు.

లాల్మతీలో ఈశ్వరమ్మ మళ్లీ బొమ్మలు మూసి అడిగింది. పిల్లలు తడుముకోలేదు. ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్లూ పటం అడిగాయి. జోసెలిన్‌ను దొర అక్షరాల పనికి పెట్టుకున్నాడు. కళ్లు మసకబారేదాకా ఎంకన్న చెరిపేసే పాఠం ఇంకెప్పుడూ చెప్పలేదు. ఏటా కొత్తవాళ్లను కూర్చోబెట్టి, మహేబోర్గ్ పడవ పందేల ప్రకటనో, ఇంకోటో, నిజం పనే చేతికిచ్చేవాడు. ఇచ్చాక తన చేతులు వెనక్కి కట్టుకుని, వాళ్ల గొడవ వింటూ తిరిగేవాడు.