లింగమూర్తి కారు, బుచ్చవ్వ కాలు

మగ్గాల పనికి వలసొచ్చిన మా తెలుగువాళ్లుండే కోసాడ్ కాలనీలో లింగమూర్తన్న తన కారును ఇంతవరకు ఏ మెకానిక్ చేతికీ ఇవ్వలేదు. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పోతాడు. చెప్పు తెగితే కుట్టించుకుంటాడు. జుట్టు పెరిగితే అందరిలాగే కుర్చీలో కూర్చుని తల వంచుతాడు. కారు ఒక్క తుమ్ము తుమ్మిందా, ఇక ఎవరి మాటా వినడు, తనే దాని కిందికి దూరతాడు. పొరపాటున ఎవరైనా గ్యారేజీ మాటెత్తితే, కన్నబిడ్డను సంతలో వదిలి రమ్మన్నట్టు చూస్తాడు.

ఆ కారు చాలా పాతది. దాన్ని అమ్మినవాడు తాళంచెవి లింగమూర్తన్న చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తాడని మా ఆయన నరేశ్ అంటాడు. ప్రతి ఆదివారం లింగమూర్తన్న మా బిల్డింగు ముందు ఒక చిరిగిన చీర పరిచి, కారులో ఊడేవన్నీ ఊడదీసి దాని మీద పేరుస్తాడు. మా వంటింటి కిటికీలోంచి చూస్తే కారు కింద నుంచి బయటికి చాచిన రెండు కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. పాలవాడు ఆ కాళ్లకే నమస్తే పెట్టి పోతాడు.

లింగమూర్తన్న భార్య పద్మారాణి గోడు వేరు. "చాయ్ జాలి పెట్రోలు వడవోయనీకె వోయింది. ఇడ్లీ గిన్నె మూతల నట్లు నానవెట్టిండు. మొన్న గరిటె కనవడకపోతే ఇంట్ల దేవులాడలేదు, సీదా కారు కాడికే వోయిన. ఆడనే ఉన్నది!"

ఎందుకన్నా నీకింత తిప్పలని ఒకసారి నేనే అడిగాను. లింగమూర్తన్న కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

"చెల్లే, కార్ఖానాల మగ్గాలన్నీ నేనే బాగుజేస్త. బాగైనంక అవి సేఠ్‌వి. గిది బాగైతే నాది."

అని ఇంజను స్టార్ట్ చేసి, బానెట్ మూసి, రెండు అరచేతులూ దాని మీద ఆనించి, కళ్లు మూసుకున్నాడు. భజన వింటున్నంత భక్తి ఆ మొహంలో.

"ఇనవడ్తుందా?"

"ఏం ఇనాలె అన్నా? ఏం ఇనవడ్తలేదు."

"అగో, అదే! ఏం ఇనవడకుంటె మంచిగున్నట్టు."

బ్రేకుల పనికి మాత్రం ఇద్దరు కావాలనేవాడు. బ్రేకు పైపుల్లో గాలి ఉండకూడదట. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర నట్టు వదులు చేసి గాలి బయటికి పంపాలి. ఆ తొక్కే ఉద్యోగం ఆయన కాలనీలో ఉన్న ఇంతమంది మగపిల్లల్లో ఒక్కరికీ ఇవ్వలేదు. పక్క బిల్డింగులో కొడుకు దగ్గర ఉండే బుచ్చవ్వకు ఇచ్చాడు. ఆమెకు డెబ్భై దాటాయి. సైకిల్ కూడా తొక్కి ఎరగదు.

"తొక్కు అవ్వా!"

"తొక్కిన!"

"పట్టు!"

"పట్టిన!"

"విడువకు!"

"విడువనురా నాయనా! కాలు పీకుతుంది, ఇంకెంతసేపురా నీ అంగడి?"

ప్రతి ఆదివారం మా పొద్దు ఈ కేకలతోనే తెల్లవారేది.

మొన్న ఎండాకాలంలో ఒక ఆదివారం మా అమ్మాయి హారతికి నర్సు ఉద్యోగం పరీక్ష పడింది. సెంటరు కతర్‌గామ్‌లో. పది గంటలకు గేటు మూస్తారు, ఆ తర్వాత ఎవరు కాళ్లు పట్టుకున్నా తీయరు. పిల్ల ఆ పరీక్ష కోసమే చదివి చదివి చిక్కిపోయింది. బండి మీద దింపాల్సిన నరేశ్ రాత్రి షిఫ్టుకు వెళ్లి, పొద్దున వచ్చేవాడు రాలేదని కార్ఖానాలోనే ఇరుక్కున్నాడు. చెప్పిపెట్టుకున్న ఆటోవాడి ఫోను బంద్. సిటీ బస్సు వచ్చింది గానీ, లోపలి జనం బరువుకు దాని తలుపే తెరుచుకోలేదు.

"మమ్మీ, అబ్ క్యా కరూఁ?" అంది హారతి. ఇప్పుడేం చేయాలని నన్నడుగుతూనే, హాల్‌టికెట్‌లో టైము మళ్లీ చూసుకుంది.

లింగమూర్తన్న గుర్తొచ్చి హారతిని లాక్కుని కాలనీలోకి పరుగెత్తుకొచ్చాను. కారు ఉంది. దాని ముందు చక్రాలు లేవు.

"అన్నా! చక్రాలేవి?"

కారు కింద నుంచి గొంతు వచ్చింది. "గోడకు ఆనిచ్చిన. బ్రేకు పైపు కారుతుండె, కొత్తది ఏసిన. ఏమైంది చెల్లే?"

చెప్పాను. ముందు ఆ కాళ్లు కదిలాయి. తర్వాత మనిషి మొత్తం బయటికి వచ్చాడు.

"గాలి తీసి చక్రాలు ఎక్కిస్తె పోవచ్చు. అవ్వా! ఓ బుచ్చవ్వా! జల్ది రా!"

"గాలి గీలి తర్వాత తియ్యన్నా! చక్రాలు ఎక్కియ్యి, మెల్లగ పోదం!"

"మెల్లగ పోయే బండికి బ్రేకు వద్దా? నీ బిడ్డను గట్ల ఎక్కియ్య. నువ్వు తిట్టినా ఎక్కియ్య."

తిట్టాలనే ఉంది, తిట్టే తీరిక లేదు. బుచ్చవ్వ కొంగు దోపుకుంటూ, మోకాళ్లు పట్టుకుంటూ వస్తుంటే దాదాపు ఎత్తుకొచ్చి సీట్లో కూర్చోబెట్టాను.

"తొక్కు!" "తొక్కిన!" "పట్టు!" "పట్టిన!"

ఒక వైపు అయింది. రెండో వైపు సగంలో ఉండగా లింగమూర్తన్న గొంతు చించుకున్నాడు. "అవ్వా! విడిచినవా?"

"చీమ కుట్టిందిరా! నీ కారుల చీమలెందుకున్నయి?"

బయటికి పోవాల్సిన గాలి మళ్లీ లోపలికి పోయిందట. మళ్లీ మొదటి నుంచి. హారతి గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"దిగవ్వా! నేను తొక్కుత!"

బుచ్చవ్వ మొహం చిన్నబోయింది. దిగడానికి కాలు కూడా బయట పెట్టింది. లింగమూర్తన్న తల ఎత్తకుండానే అన్నాడు: "అవ్వే తొక్కుతది. నువ్వు ఆ చక్రం దొర్లిచ్చుకరా చెల్లే."

ఈ మనిషికి నా బిడ్డ కంటే ముసలామె అలక ఎక్కువైందా అనుకుంటూ, పళ్లు కొరుకుతూ చక్రం దొర్లించుకొచ్చాను. అన్ని నట్లూ బిగించాక ఆయన సీటెక్కాడు, పెడల్ తొక్కి చూశాడు, కారు నాలుగు అడుగులు నడిపి ఆపి చూశాడు, మళ్లీ నడిపి మళ్లీ ఆపాడు. ప్రతి ఆపుకూ నా గుండె కూడా ఆగింది.

"ఇగ కూసోండ్రి."

పక్క సీట్లోకి జరిగిన బుచ్చవ్వ దిగలేదు. "నేను తొక్కిన బ్రేకు. ఎట్ల వనిజేస్తదో నేనే సూస్త," అంది. బతిమాలే సమయం లేక ఆమెతోనే బయలుదేరాం.

అమ్రోలి వంతెన ఎక్కేసరికి కింద తాపీ నది కూడా మాకంటే వేగంగా పోతున్నట్టనిపించింది. వంతెన దిగాక దారి దొరికింది. లింగమూర్తన్న వేగం పెంచాడు. మా ముందు చీరల మూటలతో ఒక టెంపో పోతోంది. పోతూ పోతూ, నడి రోడ్డు మీద, ఏ సైగా లేకుండా ఠక్కున ఆగింది.

"పట్టు!" అని అరిచింది బుచ్చవ్వ. అరుస్తూనే తన పాదం నేలకేసి ధడేల్‌మని తొక్కింది.

మేమందరం ముందుకు పడ్డాం. కళ్లు తెరిచేసరికి చీరల మూట అద్దానికి ఎంత దగ్గరగా ఉందంటే, చీర మీద పూలకు ఎన్ని రేకులున్నాయో కనిపిస్తోంది. ఎవరికీ ఏమీ కాలేదు. వెనక హారన్లు మొదలయ్యాక లింగమూర్తన్న మెల్లగా అన్నాడు: "మంచిగ వట్టినవవ్వా."

సెంటరు దగ్గర వాచ్‌మన్ అప్పటికే గేటు లాగుతున్నాడు. హారతి కారు ఆగీ ఆగకముందే దూకింది. పిల్ల లోపల, చున్నీ కొస బయట. వాచ్‌మన్ తల కొట్టుకుంటూ ఆ కొస కూడా లోపలికి వదిలి గొళ్లెం పెట్టాడు. నేను అక్కడే ఫుట్‌పాత్ మీద కూలబడ్డాను.

లింగమూర్తన్న కోసం చూస్తే, రోడ్డు మీద మోకాళ్లేసి, చక్రం వెనక చెయ్యి పెట్టి తడుముతున్నాడు. వేలు బయటికి తీసి, ఎండకు అడ్డంగా పట్టి నాకు చూపించాడు.

"చుక్క లేదు చెల్లే! ఒక్క చుక్క కారలే!"

పరీక్ష రాసిన పిల్ల మొహంలో కూడా తర్వాత నేను అంత వెలుగు చూడలేదు. హారతి బాగానే రాసిందట, ఫలితం ఇంకా రాలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం, ఇంకా కాలనీ లేవకముందే, చెత్తడబ్బా పట్టుకుని కిందికి వెళ్లాను. లింగమూర్తన్న ఒక్కడే సీట్లో కూర్చుని తలుపులోంచి తొంగిచూస్తూ పెడల్ తొక్కుతున్నాడు. వెనక చక్రం నట్టు నుంచి ఒక సన్నటి గొట్టం, దాని కొస ఒక ప్లాస్టిక్ సీసాలో బ్రేకు నూనెలో మునిగి ఉంది. ఆయన తొక్కినప్పుడల్లా సీసాలో బుడగలు లేస్తున్నాయి.

"అన్నా! ఒక్కనివే గాలి తీస్తున్నవా?"

దొంగలా ఉలిక్కిపడ్డాడు. "జర మెల్లగ! గొట్టం కొస నూనెల మునిగుంటె గాలి బయటికే పోతది, మళ్ల లోపటికి రాదు."

"గిది ఎప్పటిసంది ఎరుక నీకు?"

"బండి తెచ్చినప్పటిసంది."

"మరి పరీక్ష నాడు?"

"ఆ నాడు నిజంగనే కావాలె. ఇద్దరైతే జల్ది అయితది."

"మరి తక్కిన ఆదివారాలు? పాపం అవ్వ కాలు గుంజుతుందని ఎంత మొత్తుకుంటది!"

లింగమూర్తన్న గొట్టం వైపు చూస్తూ అన్నాడు: "మొత్తుకోనీ చెల్లే. కండ్లు మసకవడి, చీరల దారాలు కత్తిరిచ్చే పని వోయినంక ఆమె ఎట్లుండె, యాదికున్నదా? గోడ దిక్కు మొకం వెట్టి కూసునేది. కోడలు బువ్వ తినమంటె ఊఁ అనేది గాదు. ఒకనాడు ఊకెనే పిలిచిన, జర పెడల్ తొక్కు అవ్వా అని. ఏమన్నది ఎరుకేనా? 'నీకు బుద్ధి లేదారా, నన్ను బండెక్కిస్తవా' అని తిట్టింది. ఎన్ని దినాలకో అవ్వ నోట్లెకెళ్లి మాట వచ్చింది!"

నేను ఏదో అనేలోపు పక్క బిల్డింగు మెట్ల మీద నుంచి గొంతు వినిపించింది.

"ఓరి లింగమూర్తీ! నేను రాకముందే మొదలువెట్టినవారా?"

లింగమూర్తన్న గొట్టం పీకి నట్టు బిగించాడు గానీ, సీసా ఎక్కడ దాచాలో తెలియక గిరగిరా తిరిగాడు. నేను లాక్కుని కొంగు కింద పెట్టుకున్నాను.

బుచ్చవ్వ దగ్గరికి వచ్చి కళ్లు చికిలించింది. "ఏందే ఊర్మిళా, కొంగు కింద?"

"మందు అవ్వా. దగ్గు మందు."

"పైలం బిడ్డా. యాళ్లకు తాగు," అని నన్ను దీవించి, బుచ్చవ్వ దర్జాగా సీటెక్కింది. "ఊఁ, తొక్కాల్నారా?"

"తొక్కు అవ్వా. నువ్వు లేకుంటె అవుతదా ఈ పని?"

"ఎట్లయితదిరా? ఇన్నొద్దులాయె, ఇంకా నేర్వకపోతివి!"

కింద తిట్లు మొదలయ్యాయి. నేను సీసా ఒలకకుండా పట్టుకుని, నవ్వు ఆపుకోలేక దగ్గుతూ, మెట్లెక్కాను.