పూడ్చమన్నదెవరు

కోపం ముక్కుమీదే ఉంటుందని గోల్ఫ్ క్లబ్బులో ఆమెని నిప్పుకోడి అంటారు. వెనకాలే లెండి, ఎదురుగా అనేంత గుండె ఎవరికుంది! ప్రొక్లెయిన్ నడుపుతుంది. రూపం చెడిపోయిన పాత గోల్ఫ్ మైదానాల్ని తవ్వి, చెక్కి, మొదట్లో ఎలా ఉండేవో అలా చేసిపెట్టడం ఆమె బతుకుతెరువు. ఏ ఊళ్లో పనుంటే ఆ ఊళ్లో ఓ గది, ఓ స్టవ్వు, రాత్రయితే మొగుడితో ఫోన్లో పోట్లాట. ఇన్నాళ్లకి సొంత ఊళ్లో పని దొరికింది. అదీ నాన్న నడుం వంగేదాకా గడ్డి పెంచిన మైదానంలోనే. ఆ సంబరం కాస్తా మొదటిరోజే ఆవిరైపోయింది.

ప్రెసిడెంటు గారు సభ్యుల్ని వెంటేసుకుని వచ్చి, జెండా పాతిన ఆఖరి పచ్చిక, అదే గ్రీన్, ముందు నిలబడి ఉపన్యాసం దంచాడు. అక్కడ ఒకప్పుడు నిలువెత్తు లోతున ఇసుక గుంట ఉండేదట. బంతి అందులో పడిందంటే ఆటగాడి పని అయిపోయినట్టేనట. "అంత అందమైన గుంటని ఎవడో దద్దమ్మ, బుర్రలేని పనివాడు పూడ్చి పారేశాడండీ. ఇసుకైనా తియ్యలేదు, పైన మట్టి కప్పేసి చేతులు దులుపుకున్నాడు" అన్నాడు. సభ్యులంతా అయ్యయ్యో అన్నారు.

ఆ దద్దమ్మ ఆమె నాన్న. పూడ్చమన్నది ఈ మహానుభావుడే!

ఆమె కళ్లారా చూసిన సంగతి. చిన్నప్పుడు నాన్నకి క్యారేజీ తెచ్చి అక్కడే కూర్చుంది. ఈయన అప్పటికి క్లబ్బు సెక్రటరీ. గుంటలోంచి బంతిని పైకి కొట్టలేక, చెమటలు కక్కి, బూట్ల నిండా ఇసుకతో పైకొచ్చి, చేతిలో కర్ర విసిరికొట్టాడు. "ఆదివారం పోటీలోగా ఈ గుంట నాకు కనపడకూడదు" అని నాన్న మీద కేకలేశాడు. ఆ హడావిడిలో ఇసుక తియ్యడానికి తీరికేదీ?

ఆ ఉపన్యాసం ఊరంతా పాకింది. టీకొట్టు దగ్గర నాన్నని ఎవరో "ఏం మేస్త్రీ, క్లబ్బు కొంప ముంచింది నువ్వేనటగా" అన్నారు. నవ్వుతూనే అన్నారనుకోండి. మర్నాటి నుంచి నాన్న టీకొట్టుకి వెళ్లడం మానేశాడు.

"నువ్వెళ్లి అడగవా నాన్నా?"

"పోనీలేవే. పూడ్చింది నేనేగా."

"ఎవరు చెప్తే పూడ్చావు?"

"ఇప్పుడెందుకవన్నీ" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. ప్రెసిడెంటు మీద ఎంత మండిందో నాన్న మీదా అంతే మండింది.

ఆ మంటతోనే గుంట తవ్వింది. నాన్న తియ్యకుండా వదిలేసిన ఇసుక తెల్లటి చారలా కనిపిస్తుంటే, దాని వెంబడే మిషను బకెట్ నడిపింది. పాత గుంట పాత ఆకారంతోనే బయటపడింది. అది చూపిద్దామని నాన్నని బలవంతాన లాక్కొచ్చింది. అదే సమయానికి ప్రెసిడెంటు గారూ సభ్యులతో దిగాడు.

"అద్భుతం!" అంటూ, దిగడానికని వదిలిన మట్టి వాలు మీదుగా గుంటలోకి దిగి, అడుగున నిలబడి, "ఆ దద్దమ్మ పాడుచేసిందంతా..." అని మళ్లీ ఎత్తుకున్నాడు.

అంతే, ఆమె ఇంకాగలేదు. మిషనెక్కి మట్టి వాలుని ఒక్క ఊపులో లాగేసి ఇంజను ఆపింది.

"ఏయ్! ఏంటిది?"

"దీన్ని పూడ్చమన్నదెవరో చెప్పండి సార్. నిచ్చెన వేస్తాను."

ఆయన ముందు నవ్వాడు. తర్వాత తిట్టాడు. ఆనక తనే ఎక్కబోయాడు. ఎక్కినకొద్దీ ఇసుక జారి కిందకే వచ్చాడు. పైన ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో ఆయన మొహం కందగడ్డయింది.

"నేనే! నేనే పూడ్చమన్నాను! ఆదివారం పోటీ ఉంది, కనపడకూడదన్నాను. అయితే ఏంటట?"

సభ్యులు మొహమొహాలు చూసుకున్నారు. ఆమె గుండెల మీద బరువు దిగినట్టయింది. ఇంతలో ఏం చూసిందంటే, నాన్న గుంట అంచున బోర్లా పడుకుని "రండి సార్, జాగ్రత్త" అంటూ చెయ్యి అందిస్తున్నాడు! ఆ చెయ్యి పట్టుకుని ప్రెసిడెంటు పైకొచ్చాడు. నాన్న వంక చూడనైనా చూడలేదు. "రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు" అని ఆమెతో అనేసి బట్టలు దులుపుకుంటూ వెళ్లిపోయాడు.

గేటు దాకా ఆమె నాన్నని తిడుతూనే ఉంది. "సిగ్గనేది లేదా నీకు? ఒక్క నిమిషం అందులో ఉంటే ఏం పోయేది? నీకోసం కాదూ ఇదంతా!"

సైకిల్ స్టాండ్ దగ్గర నాన్న ఆగిపోయాడు.

"ఆదివారం అన్నాడు, విన్నావా?"

"విన్నాను. అయితే?"

"మర్చిపోయాడనుకున్నానే. ఎప్పటి మాటో, ఆయనకి మాత్రం ఏం గుర్తుంటుందిలే అని సరిపెట్టుకున్నాను. రోజుతో సహా గుర్తుంది." నాన్న గొంతు పెంచాడు. ఆయనకి కోపం రావడం ఆమె పుట్టి బుద్ధెరిగి చూళ్లేదు. అరచేతికంటిన ఇసుకని ప్యాంటుకేసి తుడుస్తున్నాడు, తుడుస్తూనే ఉన్నాడు.

"వాడికి నేనెందుకు చెయ్యందించానే?"