చూలాలికి ఉత్త నీళ్ళా

మహబూబ్బీ చేతికి ఊరుకోవడం తెలియదు. రాయచోటి నుంచి సౌదీలోని నజ్రాన్‌కు ఇంటిపనికి వచ్చినా ఆ చెయ్యి మారలేదు. ఎవరు కాస్త చిక్కినట్టు కనబడినా వాళ్ళ పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం పడాల్సిందే. యజమానురాలిని అక్కడ మామా అంటారు. ముసలి నూరా మామా ఆ దెబ్బకు బాగా ఒళ్ళు చేసింది.

ఆమె వడ్డించడానికి వీల్లేనిది ఆ ఇంట్లో ఒక్కటే, ఏసీ గదిలోని పూలమొక్క. ఎక్కడో చలిదేశాల్లో, నాచు కుళ్ళి పేరుకున్న బురదనేలల్లో అరుదుగా దొరుకుతుందట. ఆకులు గొట్టాల్లా ఉండి ఈగల్ని మింగుతాయి. మామా భర్త దాన్ని విత్తనం నుంచి పెంచాడు, పువ్వు చూడకుండానే పోయాడు. సారం లేని నేలలో పుట్టిన మొక్క, శుద్ధిచేసిన డబ్బానీళ్ళు తప్ప ఇంకేమీ పోయొద్దని మామా ఒట్టు వేయించుకున్నంత పని చేసింది.

ఈ ఏడు అది మొగ్గ తొడిగింది. మామా కుర్చీ తెప్పించుకుని దాని ముందే కూర్చునేది. మహబూబ్బీకి మాత్రం మనసొప్పలేదు. చూలాలికి ఉత్త నీళ్ళా? అల్లా మెచ్చుతాడా? ఎవరూ చూడకుండా రోజూ బియ్యం కడిగిన కడుగు పోసింది. ఊళ్ళో కరివేపాకూ మల్లెచెట్టూ ఆ కడుగుతోనే కదా ఏపుగా పెరిగాయి!

ఇక్కడ ఆకులు నల్లబడ్డాయి. మొగ్గ వాడి రాలింది. మామా దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. మహబూబ్బీకి, వీసా రద్దుచేసి ఖురూజ్ ముద్ర కొట్టించి ఊరికి పంపేస్తారన్న భయం ఒకవైపు, ఆ ముసలి ప్రాణం ఆశను తానే తుంచేశానన్న ఏడుపు అంతకు మించి. దాస్తే ముద్ద దిగదు. ఎదుటికెళ్ళి, వచ్చీరాని అరబ్బీలో చెప్పేసింది.

"నేనే మామా. బియ్యం కడిగిన నీళ్ళు పోస్తి. కడుపుతో ఉండాది గదా, బలమొస్తాదనుకుంటి."

మామా భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుంది మహబూబ్బీ. ఏడుస్తూనే నవ్వుతోంది.

"ఇది రెండో మొక్క," అంది మామా. "మొదటిదానికి మా ఆయన ఖర్జూరం పానకం పోసి చంపాడు. పాపం, దానికి ఆకలేస్తోందన్నాడు. ఆ మనిషితో ముసలితనం దాకా కాపురం చేశాను, నిన్ను పంపేస్తానా?"

వేరు ఇంకా బతికుందేమోనని, కడుగంతా కారిపోయేదాకా కుండీలో డబ్బానీళ్ళు పోస్తూ ఇద్దరూ నేలమీదే కూర్చున్నారు. భర్త పేరెత్తి మామా నవ్వడం మహబూబ్బీ చూడటం అదే మొదలు.